ముల్లు విరవని జెల్ల

నా కుడిచేతికి ఇప్పుడు నాలుగు వేళ్ళే ఉన్నాయి. అందులో ఒకటి వంగదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా విని, చెయ్యి పూర్తిగా బాగవలేదా అని ఎవరూ నన్ను తిట్టుకోకూడదు. నేను చేపలమ్ముకునేదాన్ని. సరుకులో లోపం ఉంటే బుట్ట దించగానే చెప్పాలి.

నా పేరు పోలమ్మ. నరసాపురానికి దిగువన గోదారి ఒడ్డు మీది పల్లె మాది. మగవాళ్ళు వల వేస్తారు, ఆడవాళ్ళం బుట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముతాం. నాకు నా పేరు రాయడం వచ్చు, అదీ ఈ మధ్యనే, ఎడమచేత్తో. మిగతాదంతా నేను చెబుతుంటే మా బడి పంతులమ్మ రాస్తున్నది. రాసింది మళ్ళీ నాకు చదివి వినిపించాలని మా ఒప్పందం. నేననని మాట ఒక్కటి చేరినా కొట్టేయిస్తాను. నిన్న ఒకచోట "ప్రభువు కృపవలన" అని తనంతట తాను చేర్చింది. అప్పటికి నాకు కృప అంటే ఏంటో తెలియనే తెలియదు కదా, ఎందుకు రాశావని తీసేయించాను.

ఇది ఎందుకు చెప్పిస్తున్నానంటే, మా రేవులో ఆడవాళ్ళు కొందరు జబ్బు పడి, ఆస్పత్రి పేరెత్తితే వణికిపోయి, చాప మీదే మగ్గిపోతున్నారు. వాళ్ళ భయం తప్పని నేననను. నాకంటే ఎక్కువ భయపడినవాళ్ళు, నాకంటే ఎక్కువ అనుమానపడినవాళ్ళు ఈ గోదారి రెండు ఒడ్లమీదా ఉండరు. అందుకే నేను చెబితే వింటారేమోనని.

చేప కొనేవాళ్ళు ముందు మొప్ప ఎత్తి చూస్తారు. లోపల ఎర్రగా ఉంటే నిన్నటిదో ఇవాళ్టిదో, తెల్లబడితే పాతది. నేను మనుషుల్నీ అలాగే చూసేదాన్ని. నా పెనిమిటి వాంతిభేదితో ఒక్క పగటిలో పోయాక మరీ ఎక్కువైంది. మా పల్లెలో మగవాడు పోయినా, అతని వల పడవలో ఉన్నంతకాలం ఆ వలలో పడిన చేపలో భాగం పెళ్ళానికి రావాలి. ఆ పడవ ఇప్పుడు నడిపేది మా మరిది అప్పన్న. నేనుంటే ఆ భాగం నాది, నేను పోతే వాడిది. నేనెప్పుడూ ఆ లెక్క మరిచిపోలేదు. వాడు మాత్రం మరిచిపోయి ఉంటాడా అనుకునేదాన్ని. అందుకని వాడు చేప అందించిన ప్రతిసారీ అందరి ముందూ తిరగేసి చూసుకునేదాన్ని.

ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటే దెబ్బ తగిలింది.

ఆషాఢంలో గోదారికి వరద తగిలి ఎర్రనీరు వచ్చింది. ఎర్రనీటి రోజుల్లో మాకు ఊపిరాడదు. జెల్ల చేపలు తెగ పడతాయి. జెల్లకు వీపు మీద ఒక ముల్లు, మొప్పల పక్కన చెరో ముల్లు ఉంటాయి. రంపపు పళ్ళలాగా ఉంటాయవి, విషం కూడా. గుచ్చుకుంటే ఎంత మొనగాడైనా కూర్చుండిపోతాడు. అందుకని మాలో ఒక కట్టుబాటు ఉంది. పడవలో ఉన్నవాడే ముళ్ళు విరిచి, ఆ తర్వాతే బుట్టను ఒడ్డుకు అందించాలి. ఒడ్డునున్న ఆడది చూడకుండా చెయ్యి పెట్టి ఏరుకోవచ్చు. మా అత్త కాలం నుంచీ, ఆమె అత్త కాలం నుంచీ అంతే. మొగుణ్ణి నమ్మని ఆడది కూడా ఆ బుట్టను నమ్ముతుంది.

ఆ పొద్దున అప్పన్న బుట్ట అందించాడు. నేను చెయ్యి పెట్టాను. చిటికెనవేలి మొదట్లో, అరచేతి అంచున, ముల్లు దిగిపోయింది. నాకు కేక కూడా రాలేదు. ఎడమచేత్తో ఆ జెల్లను పైకెత్తాను. మిగతా చేపలన్నిటికీ ముళ్ళు విరిచే ఉన్నాయి. ఆ ఒక్కదానికి మూడూ ఉన్నాయి.

"ఏమైంది వదినా" అని అప్పన్న పడవలోంచి అడిగాడు.

నేను చేపను చూపించాను. వాడు మొహం తిప్పుకుని తాడు చుట్టుకోసాగాడు. ముల్లును అప్పన్న పెళ్ళాం, మా తోడికోడలు నూకమ్మ అప్పుడే లాగేసింది. ఆ మొహం తిప్పుకోవడం మాత్రం నాలోనే ఉండిపోయింది.

శ్రావణం వచ్చేసరికి చెయ్యి మోచేతిదాకా వాచింది. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేశారు. వేపాకు కట్టారు. పొరుగు పల్లె నుంచి ఒకాయన వచ్చి కొడవలి కాల్చి వాత పెట్టాడు. వాత పెట్టిన చోట చర్మం ఊడింది గాని వాపు దిగలేదు. జ్వరం ఎక్కేది, దిగేది. చాప మీద పడుకుని మా గుడిసె వాసాలు చూస్తూ, ఒక్క సంగతే అటు తిప్పీ ఇటు తిప్పీ ఆలోచించేదాన్ని. ఈ చెయ్యి పోతే నేనేంటి? చేప కొయ్యను, బుట్ట ఎత్తుకోను, వల పేనను. తోడికోడలి వాకిట్లో కూర్చుని, ఆమె పెట్టినప్పుడు తినే మాంసం ముద్దను నేను. ఆ కూర్చోవడం తలచుకుంటే చావే నయమనిపించేది.

నూకమ్మ గంజి తెచ్చేది. నేను గిన్నె వాసన చూసి, ముందు నువ్వు తాగు అనేదాన్ని. ఆమె ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, నా ముందు కూర్చునేది. కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకరోజు మాత్రం అనేసింది.

"అక్కా, మందు పెట్టేదాన్నే అయితే ఇన్నేళ్ళు ఆగుతానా? నీ నోట మాటలు పడుతూ ఇన్నాళ్ళు కాపురం చేశానంటే, పెట్టలేదనే కదా లెక్క."

నాకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. నవ్వితే నమ్మినట్టవుతుంది.

ఆ తర్వాత అప్పన్న వచ్చి, రాజమండ్రిలో దొరసాని ఆడవాళ్ళకు వైద్యం చేస్తుందట, తీసుకుపోతానన్నాడు.  ఆ ఆస్పత్రి గురించి మా రేవులో అందరికీ తెలిసిందే అనుకునేవాళ్ళం. మందులో ఏదో కలిపి తాగిస్తారని, తాగితే కులం పోతుందని, కులం పోయినవాళ్ళను వాళ్ళ కిరస్తానీ మతంలో కలిపేసుకుంటారని. వాడు నన్ను అక్కడ వదిలేసి, కలిసిపోయింది, ఇక మాకూ ఆమెకూ సంబంధం లేదని పెద్దల ముందు చెప్పేస్తే, వలా పోయె భాగమూ పోయె. ఎంత చక్కని ఉపాయమో అనుకున్నాను. అయినా ఒప్పుకున్నాను. అప్పటికి చెయ్యి నొప్పి, అనుమానం కన్నా పెద్దదైపోయింది.

బియ్యం మోసే పడవలో చోటిచ్చారు. కాలవ పొడుగునా తాడు లాగేవాళ్ళు లాగుతుంటే పాలకొల్లు దాటి పైకి పోయాం. లాకులు వచ్చినచోటల్లా పడవ ఆగేది. లాకు తలుపులు మూసి, నీళ్ళు నిండేదాకా ఆగడం. ఆ ఆగడంలో నా చేతిలో నరం కొట్టుకోవడం వినిపించేది. విజ్జేశ్వరం లాకు దగ్గర అప్పన్న పడవవాడితో గుసగుసగా ఏదో అన్నాడు. నా గురించేనని చెవి నిక్కించాను. తర్వాత పడవవాడు నా తల దగ్గర ఎండ పడకుండా ఒక గోనె కట్టాడు. గుసగుస దాని గురించే. అయినా ఇంకేదో కూడా అని ఉంటాడనే అనుకున్నాను.

భాద్రపదమంతా ఆస్పత్రిలోనే గడిచింది. పొడుగాటి వసారా, సున్నం వేసిన గోడలు, బల్లల మీద వరసగా ఆడవాళ్ళు. కళ్ళకు గుడ్డలు కట్టుకున్నవాళ్ళు, కడుపులు పట్టుకున్నవాళ్ళు, పురిటి నీరసంతో గోడకానుకున్నవాళ్ళు. మా వంతు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. ఊళ్ళో పక్కపక్కన నిలబడనివాళ్ళం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. కోనసీమ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం తన విసనకర్ర తన కోసం విసురుకుంటున్నట్టే విసురుకుంటూ, గాలి నావైపు వచ్చేటట్టు కాస్త ఒరిగి కూర్చుంది. ఈమెకు నా దగ్గర ఏం కావాలో అనుకున్నాను. ఏమీ అడక్కుండానే ఆమె వంతు వచ్చి లోపలికి పోయింది.

దొరసాని తెలుగు పుస్తకంలోంచి ఊడిపడినట్టుండేది. "నొప్పి ఎచ్చట నున్నది" అని అడిగింది. మా ఊరి కరణంగారు కూడా అలా మాట్లాడడు. చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. ఏదో వాసన చూపించి నన్ను మగతలో పడేసి, చేతి వాపు మీద గాటు పెట్టి, చీము తీసి, కట్టు కట్టారు. లేచాక నా నోరు నేను నాలుకతో తడిమి చూసుకున్నాను, ఏమైనా తాగించారేమోనని.

అప్పన్న వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ఆస్పత్రి పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, పడవలో వండినట్టే నాకు అన్నం వండేవాడు. నేను వాళ్ళ వంట ముట్టనని పట్టుబట్టాను కాబట్టి. ఎర్రనీరు ఇంకా పారుతోంది, గోదారిలో చేప పరుగులు పెడుతోంది, వీడు ఇక్కడ పొయ్యి ఊదుకుంటూ కూర్చున్నాడు. తప్పు చేయనివాడు ఇంత చేస్తాడా అని నా బుద్ధికి తోచింది. వాడు ఎంత బాగా వండిపెడితే నాకు అంత అనుమానం పెరిగింది.

కట్లు మార్చేది రాహేలమ్మ. తెల్లచీర, నాలాగే మొగుడు పోయిన మనిషి. ఊరి బయటి పేటలో పుట్టి, క్రీస్తులో కలిసింది. మామూలు రోజుల్లో మా బుట్ట మీద ఆమె నీడ పడనిచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు నా చీమూ నెత్తురూ ఆమె చేతుల్లోనే. మొదట్లో నేను మొహం అటు తిప్పుకుని చెయ్యి ఇటు ఇచ్చేదాన్ని. ఆమెకు అది తెలుసు. తెలిసీ మెల్లగానే కట్టు విప్పేది. ఆ మెల్లదనం మీద కూడా నాకు నమ్మకం లేదు. వలలో పడేదాకా చేపకు నీళ్ళు మెత్తగానే ఉంటాయి.

పొద్దుటిపూట ఆమె వసారాలో కూర్చుని యేసు గురించి చెప్పేది. చెవులు మూసుకుందామంటే ఒక చెయ్యి కట్టులో ఉంది. ఒక చెవికే చెయ్యి సరిపోయేది. అలా సగం సగం విన్నాను. ఆయన వెంట తిరిగినవాళ్ళు మా లాంటి వల వేసేవాళ్ళని విని మాత్రం ఆ ఒక్క చెయ్యీ దించేశాను. రాత్రంతా వేసినా చేప పడలేదట, ఆయన చెప్పినచోట వేస్తే వల చినిగేంత పడిందట. అలా అప్పుడప్పుడు జరుగుతుంది, అందులో వింతేముంది అన్నాను. ఇంకోసారి ఆయన రెండు చేపలే వేలమందికి సరిపోయేలా పంచాడని చెబితే, అంతమంది తిన్న చేపల్ని తోమి కోసిందెవరని కూడా అడిగాను. రాహేలమ్మకు తెలియదట. ఆడవాళ్ళే చేసి ఉంటారు, అందుకే రాసి ఉండరు అన్నాను. ఆమె నవ్వి, నిజమేనేమో అంది.

వాపు మోచేయి నుంచి దిగింది గాని చిటికెనవేలు నల్లబడసాగింది. ఒకరోజు దొరసాని కట్టు విప్పించి చూసి, పక్కనున్న ఇంకో దొరసానితో వాళ్ళ భాషలో ఏదో అంది. ఇద్దరూ నా మొహం చూడలేదు. లోపల గదిలో నీళ్ళు మరుగుతున్నాయి. అందులో కత్తులు వేయడం కిటికీలోంచి చూశాను.

ఆ మర్నాడు పొద్దున రాహేలమ్మ వసారాలో చెప్పిన మాట ఇది. ఎవరి కుడిచెయ్యి వాళ్ళను పాపంలోకి ఈడ్చుకుపోతుందో, దాన్ని నరికి అవతల పారేసుకోవడం మంచిదని యేసు బోధించాడట. ఒళ్ళంతా పోవడం కన్నా ఒక అవయవం పోవడం మేలని.

 వసారాలో కుడిచెయ్యి జబ్బుదాన్ని నేనొక్కదాన్నే. వీళ్ళు కబురు ఇలా చెబుతారన్నమాట అనుకున్నాను. ముందు దేవుడి నోటితో అనిపిస్తారు, తర్వాత కత్తి తెస్తారు. నా చెయ్యి ఏం పాపం చేసిందా అని కూడా ఆలోచించాను. పాతబడిన చేప మొప్పలకు కొత్త చేప నెత్తురు పూసింది నిజమే. కాని ఆ పని చెయ్యని ఆడది మా రేవులోనే లేదు. అందరి చేతులూ వదిలేసి నాదే కొయ్యాలా?

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే లేచాను. అప్పన్న పెరట్లో గిన్నెలు తోముకుంటున్నాడు. వాడికి కనపడకుండా గోడ వార నుంచి బయటపడి, గోదారి రేవుకు నడిచాను. దిగువకు పోయే పడవ ఏదైనా సరే ఎక్కేద్దామని. రేవులో ఒక పడవవాణ్ణి ఎంత బతిమాలినా ఎక్కించుకోలేదు. కట్టు వాసన వేస్తోందన్నాడు. మెట్టు మీద కూలబడిపోయాను.

రాహేలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. పరుగెత్తి వచ్చినట్టుంది, చెమటలు కారుతున్నాయి. నాకు రెండు మెట్లు కింద కూర్చుంది.

"ఎక్కడికి పోలమ్మా?"

"నా చెయ్యి మీకు ఇవ్వను. మీ దేవుడికి కావాలంటే ఇంకెవరిదైనా కోసుకోమను."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు పట్టుకుంది, కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఆ మాట చేతి గురించి కాదు. చెయ్యి చేసేదాని గురించి. నిజంగా నరకమనే అయితే ఆయన ఎవరి చెయ్యైనా నరికించి ఉండాలి కదా. ఒక్కరిది చెప్పు చూద్దాం. ఆయన మనిషే ఒకడు కత్తి దూసి అవతలివాడి చెవి నరికితే, ఆ చెవి ముట్టుకుని బాగుచేశాడు. ఆయన్ను పట్టుకుపోవడానికి వచ్చినవాడి చెవి."

అప్పుడు ఆమె ఎండిపోయిన చేతివాడి సంగతి చెప్పింది. అది కూడా కుడిచెయ్యేనట. గుడిలాంటి చోట ఒకడు కూర్చున్నాడు, చెయ్యి చచ్చుబడింది. పని చేయకూడని రోజది. యేసు వాణ్ణి బాగుచేస్తాడా, చేస్తే తప్పు పట్టుకుందామా అని కొందరు కాచుకుని చూస్తున్నారట. వాళ్ళు ఎలా చూస్తున్నారో రాహేలమ్మ చెప్పక్కర్లేదు. నాకు తెలుసు. అందరూ మొప్పలెత్తి చూసే బాపతే. ఆ చూపుల మధ్యలో ఆయన వాణ్ణి నిలబెట్టి, చెయ్యి చాపమన్నాడట. చాపితే బాగైందట.

"ఎండిన చెయ్యి వాడెలా చాపుతాడు?" అన్నాను.

"మాకు వాక్యం నేర్పిన ఉపదేశిని నేనూ అదే అడిగాను. ఏదో చెప్పాడు. నాకైతే ఇప్పటికీ తెలియదు పోలమ్మా. చాపాడంతే."

నేను ఆమె మొహం వైపు మొదటిసారి సరిగా చూశాను. చేపలు ఇచ్చేవాళ్ళు అందరూ తమ సరుకు తాజాదనే అంటారు. ఎప్పుడో ఒకడు, ఇది ఎప్పుడు పడిందో నాకు తెలియదమ్మా అంటాడు. నేను వాడి దగ్గరే కొంటాను.

"కత్తులు ఎందుకు మరగబెట్టారు? నిజం చెప్పు."

ఆమె నా కట్టు వైపు చూసి చెప్పింది. "చిటికెనవేలు చచ్చిపోయింది. తీయాలి అన్నారు దొరసానమ్మ గారు. చెయ్యి కాదు. వేలు ఉంచితే అప్పుడు చెయ్యే పోతుంది. రేపు నీకు చెబుదామనుకున్నారు."

నిజమే చెప్పింది. మంచి నిజం కాదు, అయినా నిజమే. ఆమె చెయ్యి పట్టుకుని లేచాను. పేటలో పుట్టినామె చెయ్యి అని లేచాక గుర్తొచ్చింది. అప్పటికే పట్టేసుకున్నాను.

ఆస్పత్రి గుమ్మంలో అప్పన్న నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా దుమ్ము. ఊరంతా వెతికాడట. నన్ను చూసి పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాడు. దొరసానితో నేనొక షరతు పెట్టాను. కత్తి పట్టేముందు ఏం చేస్తారో నాకు పైకి చెప్పాలని. ఆమె చెప్పింది, వేలు చూపించింది, నేను నా ఎడమచేత్తో ఆ వేలును అటూ ఇటూ తిప్పి, ఎత్తి చూసుకున్నాను. పాడైన చేప నాకు తెలియదా? తీసెయ్యమన్నాను. దాన్ని మిగతావాటితో ఉంచుకుంటే బుట్ట మొత్తం చెడుతుంది. అప్పుడే ఆ కుడిచేతి మాట నాకు కొంచెం అర్థమైంది. మనం వదలలేనిది ఒకటి మనలోనే కుళ్ళుతుంటుంది. అది వేలే కానక్కర్లేదు.

ఆశ్వయుజంలో గాయం పొడిబారింది. గోరువెచ్చని నీళ్ళలో పెట్టి, ముడుచుకున్న వేళ్ళను రోజూ చాపమన్నారు. ముల్లు గుచ్చుకున్నప్పుడు రాని కేక, ఆ చాపడంలో వచ్చింది. రాహేలమ్మ ఎదురుగా కూర్చుని, చాపు, ఇంకాస్త చాపు అనేది. నేను ఆమెనూ ఆమె దేవుణ్ణీ తిట్టేదాన్ని. ఆ తిట్లు పంతులమ్మ రాయనంటోంది.

వెళ్ళే ముందు ఆమెను అడిగాను, నీ దేవుడికి నేనేం ఇచ్చుకోవాలని. మాకు ఒళ్ళు బాగైతే అమ్మవారికి కోడినిస్తాం. ఊరికే మేలు చేసేవాళ్ళంటే నాకు భయం, తర్వాత ఏం అడుగుతారో అని. రాహేలమ్మ యేసు చెప్పినదే చెప్పింది. కానుక తెచ్చేటప్పుడు నీ మీద నీవాళ్ళకు ఏదైనా మనసులో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టేసి, ముందు పోయి వాళ్ళతో రాజీకొచ్చి సమాధానపడాలట.

"నా మీద అప్పన్నకు కాదు, వాడి మీద నాకుంది" అన్నాను.

"పోయి అడిగితే కదా ఎవరి మీద ఎవరికుందో తెలిసేది" అంది.

కార్తీకంలో వచ్చిన దారినే పడవలో దిగాం. లాకు దగ్గర ఆగాం. ఈసారి నీళ్ళు దిగేదాకా ఆగాలి. పడవ మెల్లగా కిందికి పోతుంటే రెండు పక్కలా గోడలు పైకి లేస్తున్నాయి. ఎవరూ ఎక్కడికీ పోలేని చోటది. అప్పన్న ఎదురుగా కూర్చున్నాడు. అడిగేశాను.

"ఆ జెల్ల ముల్లు కావాలనే వదిలావా?"

వాడు తలెత్తలేదు. అలాగే చెప్పాడు.

"విరిచాననే అనుకున్నాను వదినా. ఆ పొద్దున పోటు నీళ్ళు దిగిపోతున్నాయి, తొందరలో ఉన్నాను. విరిచానో లేదో నాకే తెలియదు. నువ్వు చేప ఎత్తి చూపించినప్పుడు నీ మొహం చూడలేకపోయాను."

 వాడే మళ్ళీ అన్నాడు.

"అన్న పోయినకాడి నుంచి నా చేతిలోంచి నువ్వు ఏదీ చూడకుండా తీసుకోలేదు. రేవులో పదిమంది ముందూ నన్ను దొంగలా తిరగేసి చూస్తావు. ఆ ఒక్క బుట్టే చూడకుండా తీసుకున్నావు. దానిలోనే ముల్లుంది. ఇంక నేనేం చెప్పినా నమ్మవని, నోరు మూసుకుని వంట చేశాను."

లాకు తలుపులు తెరిచారు. పడవ కదిలింది. ఈ మాటలో అబద్ధం ఉందా అని ఎక్కడెత్తి చూడాలో నాకు తెలియలేదు. మనిషి లోపల మొప్ప ఉండదు. వేలు పోయిన కోపమూ ఉంది, వాడి మొహమూ ఉంది. రెండింటినీ పెట్టుకుని ఇంటిదాకా కూర్చున్నాను. సమాధానపడటమంటే మనసు తేలికైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు మొదట బరువే పెరిగింది. అంతకుముందు వాడు దొంగ, అంతే. ఇప్పుడు నేను కూడా ఏదో అయ్యాను.

ఇంటికి చేరాక నా వాడుక ఇళ్ళు పోయాయనే అనుకున్నాను. ఇన్ని నెలలు బుట్ట దిగకపోతే ఎవరు ఆగుతారు? నూకమ్మ తన బుట్ట తిప్పుకున్నాక, నా ఇళ్ళకు కూడా వెళ్ళిందట. ప్రతి వాకిట్లోనూ, ఇది పోలమ్మక్క బుట్టేనండి, ఆమె వచ్చేదాకా నేను మోస్తున్నానని చెప్పిందట. ఇది ఆమె నాకు చెప్పలేదు. కొన్నవాళ్ళు చెప్పారు. నేను నాలుగైదు ఇళ్ళలో అడిగి మరీ ఖాయం చేసుకున్నాను. అంతటా అదే మాట.

పల్లె పెద్దలు మాత్రం నన్ను వదల్లేదు. కలిసిపోయావా, వాళ్ళ కూడు తిన్నావా, ఏం తాగించారు అని అడిగారు. నా కళ్ళలోకి, నోట్లోకి తొంగి చూసినంత పని చేశారు. నా మరిది వండిన అన్నమే తిన్నానని, కావాలంటే వాణ్ణే అడగమని చెప్పాను. అప్పన్న ముందుకొచ్చి, మూడు ఇటుకల పొయ్యి మీద వదినకు వండిపెట్టానని అందరి ముందూ చెప్పుకున్నాడు. మగాడు వంట చేశానని చెబితే నవ్వుతారని వాడికి తెలుసు. నవ్వారు కూడా. అనుమానపు చూపు ఒంటి మీద పడితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. వాడు ఎన్నాళ్ళుగా దాని కింద నిలబడ్డాడో కూడా.

ఆ తర్వాత రాహేలమ్మ మా వైపు వచ్చినప్పుడల్లా వింటూ, అడుగుతూ, వాదిస్తూ, కొన్నేళ్ళు చూసి, అప్పుడు గాని నేను బాప్తిస్మానికి నీళ్ళలో దిగలేదు. నీళ్ళలో దిగడం మాకేం కొత్త కాదు, తొందరేముందన్నాను. యేసు నా అనుమానాలకు కోపగించుకున్నట్టు ఎక్కడా వినలేదు. తప్పు పట్టడానికి చూస్తున్నవాళ్ళ ముందే ఆ చేతివాణ్ణి నిలబెట్టాడంటే, చూసుకోండి అన్నట్టే కదా. జబ్బు పడిన ఆడవాళ్ళకు నేను చెప్పేదీ అదే. ఆస్పత్రికి వెళ్ళండి. అనుమానం ఇంట్లో వదిలి పొమ్మని నేననను, వెంట తీసుకుపోండి. అన్నీ అడగండి. నిజం చెప్పినవాళ్ళ చెయ్యి మాత్రం పట్టుకోండి.

ఇప్పటికీ ఆషాఢంలో ఎర్రనీరు వస్తుంది. జెల్లలు పడతాయి. అప్పన్న ఇప్పుడు ముళ్ళు విరిచి బుట్టలో వేసి అందించడు. పడవ అంచున కూర్చుని, నా కళ్ళముందే ఒక్కొక్క చేప ముళ్ళు టక్కుటక్కున విరుస్తాడు. పనికి అది అడ్డమే, వెనక పడవలవాళ్ళు కేకలేస్తారు. నేను వద్దని అనలేదు, వాడూ మానలేదు. ఒక్కో చేపనూ నాకేసి చూపిస్తాడు. నేను చూస్తాను. చూడకుండా ఉండలేను, అది నాకింకా చేతకాలేదు.

చూసి, ఆ నాలుగు వేళ్ళ చెయ్యే చాపుతాను.